తలకు తల

"కండ్లుంటే చూడు వదినా! లేకుంటే నా కండ్లు పెట్టుకోని చూడు!"

చంద్రకాంతమ్మ దిండును రెండు చేతులా ఎత్తుకొని వెనక వాకిట్లోకి వచ్చింది. పట్టుకున్న తీరు చూస్తే పురిటి బిడ్డను పట్టుకున్నట్టుంది. అరిచిన తీరు వింటే దొంగను పట్టుకున్నట్టుంది.

తెల్లటి గలీబు మీద నల్లటి చుక్కలు. దగ్గరికి వెళితే చుక్కలు కావు, వెంట్రుకలు. వడ్లగింజ పొడుగు కూడా లేవు. నెల కిందట మద్రాసులో డాక్టర్ చక్రధర్ ఐశ్వర్య తల వెనకవైపు నుంచి తీసి, కుడి చెవి పైన అరచెయ్యంత మేర కాలి నున్నబడిపోయిన మచ్చలో ఒక్కొక్కటే నాటిన వెంట్రుకలవి.

"పదిహేడు దాకా లెక్కబెట్టినా. ఆ పైన గుండె తట్టుకోలేక వచ్చేసినా."

నాగులమ్మ మెట్టు మీద కూర్చొని తల దువ్వుకుంటూ ఉంది. ఆ నిమిషానికి ఆమె చేయకూడని పని ఈ భూప్రపంచంలో ఏదైనా ఉందంటే అదొక్కటే. యాభై ఐదేళ్ళ మనిషికి మోకాళ్ళ దాకా జుట్టు. ముడి వేస్తే కొబ్బరికాయంత కొప్పు. సత్యవేడులో ఆమె గొప్పంతా ఆ కొప్పే.

"నా బిడ్డ తల బీడు చేసి, నువ్వు నీ తల దువ్వుకుంటా కూచున్నావా?"

"ఏమయిందని సెంద్రా, పొద్దన్నే ఈ అరుపులు..."

"ఏమయిందా! మొన్న శుక్రవారం నువ్వు పూసిన నూనెకు నాటిందంతా ఊడొస్తా ఉండాది. అదీ అయింది!"

దేశమంతా జుట్టు ఇచ్చుకోవడానికి తిరుపతికి వస్తుంది. తిరుపతిలో, అదీ కొర్లగుంటలో, కాపురమున్న గిరిప్రసాద్ కుటుంబం మాత్రం జుట్టు తెచ్చుకోవడానికి మద్రాసు వెళ్ళింది. డాక్టరు కూతురి తలలో మొక్కలు నాటితే, చంద్రకాంతమ్మ ఊళ్ళో ఉన్న గుళ్ళన్నిటిలో మొక్కులు నాటింది. డాక్టరుది నాటు వైద్యమే. కానీ పిల్లకు సేవ చేస్తానని సత్యవేడు నుంచి దిగిన ఆడబిడ్డ నాగులమ్మ, సీసాలో ఇంకో నాటు వైద్యం తెచ్చింది. గుంటగలగరాకు నూనె. రెండు నాట్లూ ఒకే తల మీద కలిస్తే ఏమవుతుందో ఆ దిండు చెబుతూ ఉంది. చెబుతూ ఉందని చంద్రకాంతమ్మ అంటూ ఉంది.

"మచ్చ మింద పూయలేదు సెంద్రా. సుట్టూ ఉండే తలకు పూసినా. శుక్రవారం పూటా ఆడపిల్ల తల ఎండగట్టుకోని ఉంటే సూడలేక..."

"చూడలేక! పద్నాలుగేండ్లు చూసినావు గదా, ఇంగో నాలుగు నెలలు చూడలేకపోయినావా? నేను చెప్పేదాకా చుక్క నూనె తగలకూడదని డాక్టరు చెప్తే, నువ్వూ ఆడనే ఉండావు గదా!"

అరుపులకు ముందు గదిలోని మగవాళ్ళిద్దరూ వచ్చారు. గిరిప్రసాద్ యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటు. ఇంట్లో ఏ గొడవ వచ్చినా దాన్ని ఫైలు మాదిరి ఒక టేబులు మీది నుంచి ఇంకో టేబులుకు తోసి, అది చల్లారేదాకా సంతకం పెట్టని మనిషి. రెండోవాడు నాగులమ్మ మొగుడు మునిరత్నం. పెళ్ళాన్ని ఊరికి తీసుకుపోదామని ముందురోజే వచ్చాడు. వచ్చినవాడు రాకుండా ఉంటే బాగుండునని ఇప్పుడు తువ్వాలు కొస నములుతున్నాడు.

"ఏంది బావా ఇది?" అన్నాడు గిరిప్రసాద్.

"నన్నడుగుతావేంది అప్పా? నా తలకాయలో వెంట్రుకలు పోయి పదేండ్లయింది. నాకేం తెలుస్తాది?"

ఎవరూ నవ్వలేదు. గిరిప్రసాద్ తలుపు దగ్గర నిలబడి ఉన్న కూతురి వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు పాపా. నూనె ఆడ తగిలిందా, లేదా?"

అందరి కళ్ళూ ఐశ్వర్య మీదికి వచ్చాయి. మామూలుగా అయితే ఆ కళ్ళు ముందు మచ్చ మీద పడి, ఉలిక్కిపడి, ముఖం మీదికి దిగేవి. ఇరవై ఏళ్ళ పిల్లకు ఆ దారి అంతా కంఠతా వచ్చు. ఇవాళ మాత్రం కళ్ళు నేరుగా ఆమె నోటి మీదికే వచ్చి ఆగాయి.

ఆ నోట్లో ఒక మాట ఉంది. ఆపరేషన్ మరునాడు, అమ్మా అత్తా మాత్రలు తేవడానికి కిందికి దిగినప్పుడు, డాక్టర్ చక్రధర్ ఆమె ఒక్కదానికే చెప్పిన మాట.

"నాలుగో వారం నుంచి నాటినవి రాలిపోతాయమ్మా. భయపడొద్దు. వేరు లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలలకు ఆ వేరు నుంచే కొత్తవి వస్తాయి. కాలిన చర్మం గట్టి నేల, అన్నీ రావు. వచ్చినన్ని చూసుకొని వచ్చే ఏడు రెండోసారి నాటుదాం. ఇంట్లో పెద్దవాళ్ళకు ముందే చెప్పు, లేకపోతే బెంబేలు పడతారు."

చెప్పాలనే అనుకుంది. మద్రాసు బస్సులో చెప్పాలనుకుంది, నిద్రపోయింది. ఇంటికొచ్చాక చెప్పాలనుకుంది, మరచిపోయింది. ఈ ఉదయం దిండు చూడగానే గుర్తొచ్చింది. నోరు తెరిచేలోపల మెట్టు మీద దువ్వెనతో కూర్చున్న అత్త ముఖం కనిపించింది. ఆ ముఖంలో భయం ఉంది.

పద్నాలుగేళ్ళలో ఆ ముఖంలో భయం చూడటం అదే మొదటిసారి. చూడగానే ఐశ్వర్యకు నాలుక మీద బెల్లం పెట్టినట్టయింది.

"తగిలింది," అంది.

అబద్ధం కాదు. ఒక బొట్టు జారి మచ్చ అంచును తాకిన మాట నిజమే.

"ఇన్నావా? ఇన్నావా?" అని చంద్రకాంతమ్మ దిండును మొగుడి చేతిలో కుక్కింది.

"ఉండు, డాక్టరుకు ఫోన్ చేస్తా," అన్నాడు గిరిప్రసాద్.

"ఆయన లేడు నాయనా," అంది ఐశ్వర్య. మాట ఎంత మెత్తగా వచ్చిందంటే ఆమెకే ఆశ్చర్యమేసింది. "సింగపూరు పోయినాడు. పదిదినాలకు గానీ రాడంట."

ఇది మాత్రం అబద్ధం. కల్తీ లేని, నీళ్ళు కలపని, చిక్కటి అబద్ధం.

నాగులమ్మ జుట్టంతా చుట్టబెట్టి ముడి వేసుకుంది. పిన్నులు లేకుండా నిలబడే కొప్పు ఆ రోజు రెండుసార్లు జారింది.

"తప్పయింది," అంది నేలకేసి చూస్తూ.

ఆ మాట కోసమే ఐశ్వర్య పద్నాలుగేళ్ళుగా కాచుకొని ఉంది. కాకపోతే ఇది వేరే తప్పుకు.

*

ఆరేళ్ళప్పుడు వేసవి సెలవులకు అమ్మ వెంట సత్యవేడులో అత్త ఇంటికి వెళ్ళింది ఐశ్వర్య. వెళ్ళిన నాలుగో రోజు కాగే గంజి సట్టి ఆమె తల మీద పడింది. నాగులమ్మ ఆసుపత్రిలో చెప్పిన మాట ఒకటే: "పిల్లే లాక్కునింది."

ఆ మాట మచ్చ కంటే ఎక్కువ పెరిగింది. పెళ్ళిళ్ళలో పెరిగింది, పేరంటాళ్ళలో పెరిగింది. "చిన్నప్పుడు శానా అల్లరంట, సట్టి మీదికి లాక్కుందంట" అని ఎవరో ఎవరికో చెవిలో చెప్పడం, ఆ చెవిగలామె పెదవి విరవడం. చెయ్యి కాలితే జాలి పడతారు. చేజేతులా కాల్చుకుందంటే బుద్ధి చెబుతారు. పద్నాలుగేళ్ళు జాలి రావాల్సిన చోట బుద్ధులు వచ్చాయి ఆ పిల్లకు.

లాగినట్టు ఐశ్వర్యకు గుర్తు లేదు. ఆమెకు గుర్తున్నది తన మీదికి వంగిన సట్టి, సట్టి అంచు పట్టుకున్న ఒక చెయ్యి. అంతే. చెయ్యి ఉందంటే మనిషి ఉంటుంది. ఆ ఇంట్లో పొయ్యి ఎవరిదో, ఆ సట్టి ఎవరిదో, చెయ్యీ వాళ్ళదే.

ఆమెకు మందు వద్దు, మాటలు వద్దు. ఒక్క వాక్యం కావాలి. "పిల్ల లాక్కోలేదు." అందరి ముందరా, ఆ నోటితోనే.

మధ్యాహ్నం అన్నాలు ఎవరూ సరిగ్గా తినలేదు. చంద్రకాంతమ్మ వడ్డించింది. వడ్డనలో కూడా తిట్టొచ్చని ఆ రోజే తెలిసింది. ఆడబిడ్డ కంచంలో గరిటె పడిన చప్పుడు వీధిలోకి వినిపించింది.

తిన్నాక నాగులమ్మ వెనక వాకిట్లో బట్టలుతికే బండ దగ్గర ఆ గలీబే ఉతుకుతూ కనిపించింది. ఐశ్వర్య వెళ్ళి ఎదురుగా గోడకానుకొని నిలబడింది.

"దాన్నెందుకు ఉతుకుతావు అత్తా? సాక్ష్యం పోతాది."

"సాచ్చికమంతా మీ అమ్మ నోట్లో ఉండాదిలే పాపా. గలీబులో ఏముండాది."

"నేను అమ్మతో మాట్లాడతా. నూనె వల్ల కాదని చెప్తా. నా మాట వింటాది."

నాగులమ్మ చెయ్యి ఆగింది.

"ఊరికే కాదు," అంది ఐశ్వర్య.

"ఊరికే అని నేనూ అనుకోలేదులే. సెప్పు."

"ఆ పొద్దు సట్టి నేను లాక్కోలేదని ఒక్క మాట చెప్పు. అమ్మ ముందర, నాయన ముందర, మామ ముందర. అంతే. మళ్ళా నిన్ను ఏమీ అడగను."

కొళాయి కింద బక్కెట్టు నిండి పొర్లింది. ఎవరూ కట్టలేదు.

"ఆ గంజి ఆరిపోయి పద్నాలుగేండ్లయింది," అంది నాగులమ్మ.

"నా తల మీద ఆరలేదు."

"నువ్వు సిన్నబిడ్డవి. నీకేం గుర్తుంటాది?"

"చెయ్యి గుర్తుండాది."

నాగులమ్మ చప్పున తలెత్తింది. "ఏం సెయ్యి?"

"సట్టి వంచిన చెయ్యి."

నాగులమ్మ గలీబును పిండింది. నీళ్ళన్నీ పోయాక కూడా పిండుతూనే ఉంది. గుడ్డకు ప్రాణముంటే అరిచేది.

"నూనె పూసినా. ఆ తప్పు నాది. దానికి ఏం సెయ్యల్నో నేను సేసుకుంటా. గంజి మాట ఎత్తొద్దు పాపా. నీకు దండం పెడతా."

"దండాలు దేవునికి పెట్టు అత్తా. నాకు మాట కావాల."

"రాదు."

"అయితే మోయి," అంది ఐశ్వర్య. "నేను చేయని అల్లరి నేను పద్నాలుగేండ్లు మోసినా. నువ్వు కొన్నాళ్ళు మోయి. బరువెంతో తెలుస్తాది."

లోపలికి వచ్చేసింది. వస్తుంటే కాళ్ళు తేలికగా ఉన్నాయి. పగ తీర్చుకోవడం కష్టమని ఎవరు చెప్పారో గానీ, నోరు మూసుకొని కూర్చోవడమంత సులువుగా ఉంది ఆమెకు.

సాయంత్రం నాగులమ్మ కరివేపాకు తెస్తానని వీధిలోకి వెళ్ళింది. అరగంటకు గానీ రాలేదు. వచ్చినప్పుడు చేతిలో కరివేపాకు లేదు.

"ఆకు కోసం పోయి ఆకే మర్చిపోయినావా?" అంది చంద్రకాంతమ్మ. "పోనీలే. పూయాల్సిన నూనె గుర్తుంటే చాలు గదా నీకు."

నాగులమ్మ కొళాయి దగ్గరికి పోయి కాళ్ళు కడుక్కుంది.

*

తెల్లారేసరికి మనిషి లేదు.

చాప చుట్టి గోడకు నిలబెట్టి ఉంది. సంచీ అక్కడే ఉంది. నూనె సీసా అక్కడే ఉంది.

"చూసినావా నాయనా, చెప్పకుండా ఊరికి పోయింది మీ అక్క," అంది చంద్రకాంతమ్మ మొగుడితో. కోపం వస్తే ఆమె మొగుణ్ణి కూడా నాయనా అనేస్తుంది.

"సంచీ లేకుండా ఊరికి యాడ పోతాదమ్మా?" అన్నాడు మునిరత్నం. వీధి వైపు చూస్తూ అరుగు మీద కూర్చున్నాడు. కాఫీ చల్లారింది. ఇంకో కాఫీ వచ్చింది, అదీ చల్లారింది.

"రైలు కట్ట పక్కకు పోలేదు గదా?" అన్నాడు కాసేపటికి, ఎవరినీ చూడకుండా.

ఐశ్వర్య లేచి గేటు దాకా వెళ్ళింది. అమ్మ చూసేలోపల వెనక్కి వచ్చి కూర్చుంది.

పన్నెండు దాటాక గేటు చప్పుడైంది. మునిరత్నం ముందు లేచి, లేచిన వాడు లేచినట్టే ఆగిపోయాడు.

నాగులమ్మ గుండుతో వచ్చింది.

గుండు మీద గంధం ఆరి పగిలి ఉంది. చేతిలో లడ్డు కవరు. కొప్పు పోయాక మెడ ఇంత సన్నగా ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చెవులు కొత్తగా తగిలించినట్టున్నాయి. దిండు మీద మొదలైన గండం గుండు మీదికి వచ్చి నిలబడింది.

"నాగులూ," అన్నాడు మునిరత్నం. తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ప్రతి శుక్రవారం ఆ జుట్టుకు నీళ్ళు కాచి పోసిన మనిషి. పొయ్యి ఊదింది ఆయనే, సాంబ్రాణి వేసింది ఆయనే. "మీ ఊరికి పెళ్ళిసూపులకు ఒకసారే రావాల. ఆ జడ సూసి నాలుగుసార్లు వచ్చినా గదే నేను," అన్నాడు తువ్వాలు లోపలి నుంచి.

"ఊరుకో. మళ్ళా మొలస్తాది."

ఆమె తిన్నగా చంద్రకాంతమ్మ ముందుకు వచ్చింది.

"నా సేతి నూనెతో నీ బిడ్డ తల పోయిందన్నావు. నా తల ఇచ్చేసొచ్చినా సెంద్రా. సాలునా?"

చంద్రకాంతమ్మ నిన్నటి నుంచి దాచి ఉంచుకున్న తిట్లు ఒక్కొక్కటే లోపలికి దిగిపోవడం గొంతులో కనిపించింది. ఒక్కసారిగా వదిన చేతులు పట్టుకుంది.

"నేనేదో కోపంలో... దీనికి ఇంత పని చేస్తారా వదినా?"

ఆ వంశంలో ఒక కట్టుబాటు ఉంది. గిరిప్రసాద్ తండ్రి ఆదిమూలం పెట్టింది. తప్పు చేసినవాళ్ళు కొండకు పోయి తల ఇచ్చి వస్తే, ఆ తప్పు గురించి ఆ గడపలో మళ్ళీ నోరెత్తకూడదు. దీపం కొండెక్కినట్టే తప్పూ కొండెక్కినట్టు. ఎంత పెద్ద గొడవైనా గుండు గడప దాటి లోపలికి వస్తే, గొడవ గడప దాటి బయటికి పోవాల్సిందే. ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా మాట పోలేదు.

"అయిపోయింది. ఇంగ ఈ సంగతి ఎవరూ మాట్లాడద్దు," అన్నాడు గిరిప్రసాద్. ఆయన జన్మలో అంత తొందరగా మూసిన ఫైలు అదే.

చంద్రకాంతమ్మ వదినకు నీళ్ళు కాచడానికి పరుగెత్తింది. మునిరత్నం ముఖం కడుక్కోవడానికి వెళ్ళాడు. గిరిప్రసాద్ వంటింట్లోకి వెళ్ళి భోజనాలకు నాలుగు అరిటాకులు కడగసాగాడు. నడవలో అత్తా కోడలూ మిగిలారు.

నాగులమ్మ లడ్డు తుంచి ఐశ్వర్య చేతిలో పెట్టింది. గొంతు తగ్గించింది.

"సింగపూరు డాక్టరు శానా మంచోడు పాపా. మద్రాసులోనే ఉండి మాట్లాడినాడు."

ఐశ్వర్య చెయ్యి లడ్డుతో సహా గాల్లో ఆగిపోయింది.

"ముప్పై ఏండ్లు నాట్లు ఏసినదాన్ని. పెరికి నాటిన నారు వారంలో ఎర్రబడి, సచ్చినట్టు పడుకోని, మళ్ళా ఏరు పట్టి లేస్తాదని నాకు తెలీదా? మాత్రల కవరు మింద నెంబరుండె. నిన్న ఆకు కోసమని ఫోను బూతుకు పోయి అడిగినా. 'రాలాల్సిందే తల్లీ, పాపకు చెప్పే పంపినానే' అన్నాడు."

"తెలిసీ... తెలిసీ పోయినావా కొండకు?"

"తెలిసే పోయినా."

"అమ్మకు చెప్పలేదెందుకు?"

"సెప్తే నువ్వు అబద్ధాలకోరువి అవుతావు." నాగులమ్మ గుండు మీద చెయ్యి వేసుకుంది, ఇంకా అలవాటు కాని చోట వేసినట్టు. "సెప్పకుంటే నాకూ మంచిదే. ఏ తప్పుకని దేవుడు అడగలేదు, మంగలీ అడగలేదు. ఇచ్చేసినా. నీకూ నాకూ సెల్లు. ఇంగ ఈ గడపలో నన్ను ఎవురూ ఏమీ అడగలేరు. నువ్వు కూడా."

ఆమె కళ్ళలో నిన్నటి భయం లేదు. అలసట ఉంది. ఆ అలసట వెనక, గట్టు దాటి కూర్చున్న మనిషి నిమ్మళం ఉంది.

ఐశ్వర్యకు అప్పుడు అర్థమైంది. తను దొంగ కేసు పెట్టింది. అత్త ఆ దొంగ కేసులో శిక్ష వేయించుకొని, అసలు కేసు కొట్టించుకుంది. తను తవ్విన గోతిలో తన చేతనే మట్టి పోయించి, పైన గంధం పూసుకొని నిలబడింది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఆ వాక్యం ఇక ఈ జన్మకు రాదు. నోరు తెరిస్తే తన పేరు పోతుంది. అల్లరిపిల్ల అన్న పేరుకు తోడు అబద్ధాలకోరు అన్న పేరు.

ఇంతా చేస్తే పేరేగా. మచ్చతో బతికిన పిల్లకు ఇంకో మచ్చ కొత్తేముంది?

లడ్డు పక్కన పెట్టింది.

*

అందరూ తినడానికి కూర్చున్నారు. చంద్రకాంతమ్మ ఆ రోజు వదిన ఆకులో నెయ్యి ఎంత వేసిందంటే, నిన్న తిట్టిన తిట్లన్నీ అందులో జారిపోయేంత.

"అమ్మా," అంది ఐశ్వర్య. "ఆ వెంట్రుకలు రాలాల్సిందే."

"ఏంది?"

"నాలుగో వారం రాలిపోతాయని డాక్టరు నాకు ముందే చెప్పినాడు. వేరు ఉండాది. మూడు నెలలకు మళ్ళా వస్తాయి. నూనెకూ దానికీ ఏం సంబంధం లేదు."

గిరిప్రసాద్ ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది. "మరి డాక్టరు సింగపూరు..."

"పోలేదు నాయనా. నేనే అబద్ధం చెప్పినా."

చంద్రకాంతమ్మ గరిటె ఎత్తింది. ఎత్తిన చెయ్యి కూతురి తల దాకా వచ్చి, తల మీద దెబ్బ తగలకూడదని డాక్టరు చెప్పింది గుర్తొచ్చి, గాల్లోనే దిక్కులు చూసింది.

"దేనికే! దేనికి చెప్పినావే అంత అబద్ధం? మీ అత్త తల గొరిగించుకోనొచ్చింది కదే నీ వల్ల!"

"నా వల్ల కాదు. అత్తకు తెలుసు. నిన్ననే డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కునింది. నూనె తప్పు లేదని తెలిసే కొండకు పోయింది. అడుగు, కాదనమను."

నాగులమ్మ కాదనలేదు. ఆకు వైపే చూస్తూ ఉంది.

"నన్ను కొట్టండి, తిట్టండి, నేను అబద్ధాలకోరునే," అంది ఐశ్వర్య. రెండు చేతులా ఆకు అంచు పట్టుకుంది. "తాత కట్టుబాటు ప్రకారం, తల ఇచ్చిన తప్పు గురించి ఎవరూ అడగకూడదు. సరే. నూనె తప్పు గురించి ఎవరూ అడగొద్దండి. అసలు ఆ తప్పే లేదు. నేను అడిగేది ఒకటే. లేని తప్పుకు ఎవరైనా తల ఇస్తారా? ఇంత జుట్టు, ఇన్నేండ్ల జుట్టు, దేనికిచ్చింది?"

వడ్డించిన అన్నం మీద నెయ్యి గడ్డకట్టసాగింది.

మునిరత్నం నెమ్మదిగా పెళ్ళాం వైపు తిరిగాడు. ముప్పై ఐదేళ్ళ కాపురంలో ఎప్పుడూ ఏదీ గట్టిగా అడగని మనిషి. ఇప్పుడూ గట్టిగా అడగలేదు.

"దేనికిచ్చినావే నాగులూ?"

ఐశ్వర్య అత్త నోటినే చూస్తూ ఉంది. దెబ్బ తగిలింది. గుండు మీద కాదు, గుండు వెనక దాక్కున్న మనిషికి. ఇక ఆ నోటి నుంచి ఆ వాక్యం రావడమొక్కటే మిగిలింది. అది వచ్చాక ఎలా నవ్వాలో కూడా ఆమె ఎప్పుడో అనుకొని పెట్టుకుంది.

నాగులమ్మ చెయ్యి కడుక్కుంది. చెంగుతో తుడుచుకుంది.

"పిల్ల లాక్కోలేదు," అంది.

వచ్చింది. పద్నాలుగేళ్ళకు వచ్చింది. ఐశ్వర్యకు నవ్వు మాత్రం రాలేదు.

"పాప మింద అబద్ధం ఏసింది నేను. దానికే ఇచ్చినా తల. ఆ పొద్దు పొయ్యికాడ ఇద్దరం కొట్లాడుకుంటా ఉండాము."

"ఇద్దరమేంది? నేను ఆరేండ్ల పిల్లని. నేను నీతో కొట్లాడినానా?" అని ఐశ్వర్య విరుచుకుపడింది. "ఆడ ఉండింది నువ్వూ నేనే గదా!"

నాగులమ్మ మొదటిసారి తలెత్తి ఆమెను చూసింది. ఆ చూపులో పగ లేదు, ఓటమి లేదు. అయ్యో, అడిగేశావే అన్నట్టుంది.

"ఆ ఇద్దరిలో నువ్వు లేవు పాపా. నువ్వు మూడోదానివి."

గరిటె కింద పడిన చప్పుడైంది.

"వదినా," అంది చంద్రకాంతమ్మ. నిన్నటి నుంచి వీధి వీధంతా విన్న గొంతు, ఇప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా సరిగ్గా వినపడలేదు. "వద్దు వదినా. నీ కాళ్ళు పట్టుకుంటా. చెప్పొద్దు."